సంక్రాంతి సెలవుల్లో కోనసీమలో గాలం వేయాలంటే

మియాపూర్ నుంచి మీరు అడిగింది క్లుప్తంగా ఇది. సంక్రాంతికి నాలుగు రోజులు కోనసీమ వెళ్తున్నారు. వెళ్లేది మీరు, అరవై దాటిన మీ నాన్నగారు, పదేళ్ల మీ అబ్బాయి. గోదావరిలోనూ సముద్రంలోనూ చేపలు పట్టాలని ఉంది. ఎక్కడ కూర్చోవాలి, ఏమి కొనుక్కోవాలి, పడవ ఎక్కి సముద్రంలోకి వెళ్లవచ్చా, పులస గాలానికి పడుతుందా? పదకొండు వేల రూపాయల రాడ్డు ఒకటి చూసి పెట్టానని కూడా రాశారు.

ముందు ఆ రాడ్డు కొనకండి. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

నాది నల్లగొండ జిల్లాలో ఒక చెరువు పక్క ఊరు. బ్యాంకు ఉద్యోగం పేరిట హైదరాబాద్ చేరి మల్కాజిగిరిలో స్థిరపడ్డాను. ముప్పై ఏళ్లుగా సెలవు దొరికితే చాలు, గోదావరి పాయల వెంట తిరుగుతున్నాను. చిన్నప్పుడు తూటికాడల పక్కన కప్పపిల్లను గాలానికి గుచ్చి కొర్రమీనును పట్టిన చేయి ఇది. ఆ గర్వంతోనే మొదటిసారి అంతర్వేది వెళ్లాను. నర్సాపురంలో రైలు దిగి, పంటు మీద, అంటే మనుషులనూ బండ్లనూ దాటించే పెద్ద పడవ మీద, గోదావరి పాయ అయిన వశిష్ఠ దాటి సఖినేటిపల్లి చేరి, అక్కడి నుంచి మొగ దాకా వెళ్లాను. మొగ అంటే నది సముద్రంలో కలిసే చోటు. ఉదయం ఎనిమిదింటికి గట్టు మీద కూర్చుని, చెరువులో వేసినట్టే బెండు కట్టి గాలం వేశాను. బెండు కదలలేదు. పది అయింది, పదకొండు అయింది. నీళ్లు మెల్లగా వెనక్కి జరుగుతున్నాయని నాకు తట్టలేదు. మధ్యాహ్నానికి చూస్తే బెండు బురద మీద పక్కకు పడి ఉంది, గాలం ఎండలో మెరుస్తోంది, ఎరను పీత ఎప్పుడో తినేసింది.

పక్కనే వల బాగుచేసుకుంటున్న పెద్దాయన చాలాసేపటి నుంచి నన్ను చూస్తున్నట్టున్నాడు. "ఎక్కడి నుంచి వచ్చారు బాబూ?" అని అడిగాడు. హైదరాబాద్ అన్నాను. "మీరు వచ్చేసరికే చేప వెళ్లిపోయింది. రెండింటికి మళ్లీ వస్తుంది. అప్పటిదాకా నీడన పడుకోండి" అన్నాడు. రైలు వేళ చెప్పినంత ధీమాగా చెప్పాడు. రెండున్నరకు ఒక ఎండు కొబ్బరాకు, అంతవరకు సముద్రం వైపు కొట్టుకుపోతున్నది, ఒక్క క్షణం ఆగి ఎగువకు తేలడం మొదలుపెట్టింది. ఆ తర్వాత గంటన్నరలో రెండు జెల్లలు, కిలో తూగే పండుగప్ప ఒకటి పడ్డాయి. ఎర, గాలం, కూర్చున్న చోటు అన్నీ పొద్దుటివే. మారింది నీరు నడిచే దిక్కు ఒక్కటే.

చెరువులో చోటు తెలిస్తే చాలు. మొగలో వేళ తెలియాలి. మీ నాలుగు రోజుల ప్రణాళిక అంతా దీని మీదే వేసుకోండి.

మన తూర్పు తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు. పోటు అంటే నీరు పొంగి లోపలికి రావడం, ఆటు అంటే తగ్గి వెనక్కి పోవడం. ఒక్కొక్కటి సుమారు ఆరు గంటలు. ఈ రోజు పోటు వచ్చిన వేళకు దాదాపు 50 నిమిషాలు కలిపితే రేపటి వేళ వస్తుంది. అందుకే రేవులో దిగగానే మొదట అడగవలసిన ప్రశ్న "చేపలు పడుతున్నాయా?" అన్నది కాదు, "ఈ రోజు పోటు ఎన్నింటికి వచ్చింది?" అని. ఫోనులో కూడా వేళలు దొరుకుతాయి. అయితే అవి రేవు పట్టణాల లెక్కలు. మొగలో పోటు వచ్చిన వేళకూ, నదిలో పైకి, వశిష్ఠ ఒడ్డున ఉన్న దిండి దగ్గర నీరు పెరిగే వేళకూ తేడా ఉంటుంది.

పోటు బలం చూడటానికి ఫోను కూడా అక్కర్లేదు. మీ ఇంట్లో గోడకు తగిలించిన క్యాలెండర్ చాలు. అమావాస్యకు, పౌర్ణమికి పోటు పెద్దది. సప్తమి, అష్టమి రోజుల్లో నీరు బద్ధకంగా ఉంటుంది. చేప కూడా అంతే బద్ధకంగా ఉంటుంది. మరీ అమావాస్య నాడు నీటి వడికి గాలం దారానికి కట్టిన సీసం బరువు నిలవదు, తంగూసు (నైలాను దారం) విల్లులా వంగిపోతుంది. అందుకే నాకు ఇష్టమైనవి విదియ నుంచి పంచమి దాకా ఉన్న రోజులు. జాలరులు తిథులు చూసి వేటకు వెళ్తుంటే అది నమ్మకమో ఆచారమో అనుకునేవాణ్ణి. అది చంద్రుణ్ణి చూసి వేసిన లెక్క అని ఆలస్యంగా అర్థమైంది.

పోటు చివరి గంటన్నర, ఆటు మొదటి రెండు గంటలు నాకు అసలైన వేళ. పోటులో నీరు మడ చెట్ల వేళ్ల మధ్యకు, చిన్న చిన్న కాలువల్లోకి ఎక్కుతుంది. దానితో పాటే రొయ్య పిల్లలు, చేప పిల్లలు మేతకు లోపలికి పోతాయి. ఆటు మొదలవగానే అవన్నీ ఇరుకు దారిలోంచి బయటికి రావాలి. ఆ దారి మొదట్లో, నీరు సుడి తిరిగే చోట పండుగప్ప పొంచి ఉంటుంది. పాయ వెడల్పు చూసి మోసపోయి నడిమధ్యకు విసరకండి. కాలువ వచ్చి పాయలో కలిసే మూల మీ నుంచి పది గజాల్లోనే ఉండవచ్చు. నేను పట్టిన మంచి చేపలు చాలావరకు కాళ్ల దగ్గరే పడ్డాయి.

ఇప్పుడు ఎక్కడ అనేది. ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమి, వశిష్ఠ అని రెండుగా చీలుతుంది. వశిష్ఠ నుంచి వైనతేయ విడిపోతుంది. వశిష్ఠ అంతర్వేది దగ్గర, వైనతేయ ఓడలరేవు దగ్గర సముద్రంలో కలుస్తాయి. గౌతమి యానాం మీదుగా ఇంకా తూర్పుకు పోతుంది. జనవరిలో దాళ్వా (రెండో పంట వరి) సాగు కోసం నీళ్లు కాలువల్లోకి మళ్లుతాయి కాబట్టి ధవళేశ్వరం బ్యారేజీ దిగువన వరద ఉండదు. పాయల్లో ఉప్పునీరు పోటుతో పాటు చాలా దూరం పైకి ఎక్కుతుంది, నీరు తేటగా ఉంటుంది. జూలై నుంచి సెప్టెంబరు దాకా ఇదే నది ఎర్రనీటితో పరవళ్లు తొక్కుతుంటే గాలం పట్టుకుని గట్టు మీద నిలబడటమే సాహసం. అంటే మీరు సరైన నెలలోనే వెళ్తున్నారు. సరైన వారంలో మాత్రం కాదు. సంక్రాంతికి కోనసీమ అల్లుళ్లతో, కోడిపందేలతో నిండిపోతుంది. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం ఉంటుంది. ఆ రోజు చేపల సంగతి మరిచిపోయి అబ్బాయికి ప్రభలు చూపించండి. మాఘమాసంలో అంతర్వేది కల్యాణం రోజుల్లోనూ ఆ దారిన వెళ్లవద్దు, గట్టు మీద కాలు పెట్టే చోటు ఉండదు.

మీ ముగ్గురికీ బస దిండి దగ్గర గానీ, రాజోలు చుట్టుపక్కల గానీ పెట్టుకుంటే వశిష్ఠ చేతికందుతుంది. లింగంపల్లి నుంచి నర్సాపురం రైలు మీకు దగ్గర. సంక్రాంతి టికెట్లు దొరికితే అదే మొదటి చేప అనుకోండి.

మొదటి రోజు అబ్బాయిది. అతణ్ణి మొగకు తీసుకెళ్లకండి. పదేళ్ల పిల్లవాడు ఆరు గంటలు ఎదురుచూడడు, చూడనవసరం కూడా లేదు. మంచినీటి కాలువ గట్టున, లాకులకు (కాలువ నీటిని ఆపి వదిలే తలుపులకు) దూరంగా, నీడ ఉన్న చోట కూర్చోబెట్టండి. లాకుల దగ్గర చేప ఎక్కువే, కానీ అక్కడి నీటి సుడి పిల్లల చోటు కాదు. సన్నటి వెదురు కర్ర, రెండు బారల తంగూసు, నెమలి ఈక కాడతోనో జొన్న బెండుతోనో కట్టిన బెండు, బియ్యపు గింజంత సీసం, అన్నిటికన్నా చిన్న గాలం, ఎరగా వానపాము ముక్క. చిన్న జెల్లలు, పరిగెలు, జిలేబి చేపలు గంటలో అరడజను పడతాయి. బెండు ఒకసారి వణికి, రెండోసారి వాలి, మూడోసారి మునుగుతుంది. మూడోసారి లాగాలని మీరు చెప్పండి. అతను మొదటిసారికే లాగేస్తాడు. లాగనివ్వండి.

నాన్నగారికీ మనవడికీ కలిపి ఒక ఆట చెబుతాను, అది గాలం కన్నా బాగుంటుంది. ఉప్పునీరు వచ్చే పాయ గట్టున మండపీతలు ఉంటాయి. కోడి మెడనో చేప తలనో పురికొసకు గట్టిగా కట్టి నీటిలో వదలాలి. పురికొస మెల్లగా బిగుసుకుంటే పీత పట్టుకుందన్నమాట. వెంట్రుకవాసి చొప్పున పైకి లాగాలి. పీత ఆశపోతు, తిండి వదలదు. నీటి అంచుకు వచ్చేసరికి కింద నుంచి చేతివల పెట్టాలి. ఒకరు లాగాలి, ఒకరు వల పట్టాలి. తాతా మనవళ్లకు తగవు రావడానికి కావలసినవన్నీ ఇందులో ఉన్నాయి. దాన్ని వెనక నుంచే పట్టుకోవాలి, ముందు నుంచి చేయి పెడితే వేలు నలుగుతుంది. పొట్ట కింద గుడ్లున్న ఆడపీతను వదిలేయండి.

రెండో రోజు, మూడో రోజు మీవి. పోటు వేళను బట్టి తెల్లవారుజామునో సాయంత్రమో అంతర్వేది వైపు వెళ్లండి. అన్నాచెల్లెళ్ల గట్టు అని అక్కడ ఒక చోటు చూపిస్తారు. నదినీరు, సముద్రపు నీరు రెండు రంగుల్లో ఆనుకుని కనిపిస్తాయి. దాన్ని చూడటానికి అందరూ వస్తారు, గాలం వేసేవాడు చూడవలసింది కూడా దాన్నే. ఆ రెండు రంగుల అంచు వెంట నురుగు గీతలా తేలుతుంది. చిన్న చేపలు ఆ గీత కిందే మేస్తాయి. మాగ, పార, గొరస వంటి వేటాడే చేపలు వాటి వెనక వస్తాయి. కొయ్యింగలు గుంపులుగా ఎగిరిపడుతుంటే ఆశపడకండి, అవి నాచు, బురద మేసే చేపలు, మీ గాలాన్ని కన్నెత్తి చూడవు. కానీ ఎగురుతున్న గుంపు ఉన్నట్టుండి చెల్లాచెదురైతే మాత్రం వెంటనే అక్కడికి విసరండి. కింద వాటిని ఏదో తరుముతోంది.

సామాను. ఏడడుగుల పొడవుండి రెండు ముక్కలుగా విడిపోయే స్పిన్నింగ్ రాడ్డు ఒకటి, దానికి తగిన మధ్యరకం రీలు. రెండూ కలిపి మీరు చెప్పిన ధరలో మూడో వంతుకే వస్తాయి. ఇరవై పౌన్ల బరువు తట్టుకునే బ్రెయిడ్ (అల్లిన) దారం, దాని చివర రెండు బారల మందపాటి తంగూసు. ఈ మందపాటి ముక్క ఎందుకో పండుగప్ప పడ్డాక తెలుస్తుంది. దాని చెక్కిలి పలక అంచు బ్లేడులా ఉంటుంది. పైకెగిరి తల విదిలించిందంటే సన్నదారం తెగినట్టే. అదే చెక్కిట్లో వేలు పెట్టి పైకెత్తబోయి నేను నాలుగు కుట్లు వేయించుకున్నాను. కింది పెదవిని గుడ్డతో పట్టుకోండి, లేదా చేతివలతో ఎత్తండి. చీకటి పడ్డాక టార్చి వేస్తే దాని కన్ను నిప్పుకణికలా ఎర్రగా మెరుస్తుంది. మొదటిసారి చూసినప్పుడు గుండె జారుతుంది.

ఎరకు బతికున్న రొయ్యను మించింది లేదు. గుచ్చడంలోనే కిటుకు ఉంది. తలలో నల్లటి మచ్చ ఒకటి కనిపిస్తుంది. అక్కడ గుచ్చితే రొయ్య వెంటనే చచ్చిపోతుంది. ఆ మచ్చకు ముందు, కొమ్ము మొదట్లో గానీ, తోక చివరి నుంచి రెండో కణుపులో గానీ గాలం గుచ్చితే అది గంటసేపు తన్నుకుంటూనే ఉంటుంది. ఆ తన్నుకోవడమే చేపను పిలుస్తుంది. సీసం వీలైనంత తేలికగా ఉండాలి. బతికున్న రొయ్య దొరకకపోతే రొయ్య ఆకారంలో ఉండే రబ్బరు ఎరలు అమ్ముతారు, నాలుగు తీసుకెళ్లండి. నెమ్మదిగా లాగి, ఆపి, మళ్లీ లాగాలి. ఆపినప్పుడే కొడుతుంది. ఉప్పునీటిలో వాడిన రీలును ఆ రాత్రే మంచినీటితో కడగకపోతే వారానికి తుప్పు పడుతుంది. నాకు ఒక రీలు ఇలాగే పోయింది, తప్పు నాది, తిట్టింది దుకాణదారుణ్ణి.

వెళ్లేముందు ఒక ఆదివారం అబ్బాయిని రాంనగర్ చేపల మార్కెట్‌కు తీసుకెళ్లండి. పండుగప్ప, శీలావతి, బొచ్చె, కోనెం, చందువ, వాలుగ, అన్నీ పక్కపక్కనే చూపించవచ్చు. పేరు తెలిసిన చేప పడితే పిల్లవాడికి రెట్టింపు సంతోషం.

పులస సంగతి. జనవరిలో పులస ఉండదు. సముద్రంలో ఉన్నప్పుడు దాన్ని విలస అంటారు. వరదకాలంలో ఎర్రనీరు సముద్రంలోకి దూకితే, గుడ్లు పెట్టడానికి ఆ నీటికి ఎదురీదుతూ గోదావరిలోకి ఎక్కుతుంది. నదిలోకి వచ్చాకే పులస, అప్పుడే ఆ రుచి. పుస్తెలు అమ్మైనా పులస తినాలన్న మాట ఈ రెండు మూడు నెలల సరుకు గురించే. ధవళేశ్వరం దాటి పైకి పోవడానికి బ్యారేజీ అడ్డం. పులస నీటిలోని కంటికి కనిపించనంత సూక్ష్మజీవులను వడకట్టుకుని తినే చేప కాబట్టి వానపాముకూ రొయ్యకూ ఆశపడదు. వలకే పడుతుంది. గాలానికి పులస పట్టానని ఎవరైనా చెబితే తల ఊపి, మాట మార్చండి. సంక్రాంతికి హోటల్లో పులస పులుసు అని పెడితే అది విలసో, ఐసులో దాచినదో అయి ఉంటుంది. హైదరాబాద్‌లో మనం పులస అని తిన్నవాటిలో ఎన్ని గోదావరి మొహం చూశాయో ఆ దేవుడికే తెలియాలి.

ఇక సముద్రం. ఇక్కడ కాస్త కఠినంగా చెబుతాను. డబ్బు ఇచ్చి జాలరుల పడవ ఎక్కేసి లోపలికి వెళ్దామనుకోకండి. చేపల వేటకు నమోదైన పడవ వేరు, మనుషులను షికారు తిప్పడానికి అనుమతి ఉన్న పడవ వేరు. 2008లో ముంబై దాడుల తర్వాత తీర భద్రత బిగించారు. వేటకు వెళ్లే మత్స్యకారులకు బయోమెట్రిక్ గుర్తింపు కార్డులు ఇచ్చారు. కార్డు లేని మనిషి పడవలో దొరికితే ఇబ్బంది మీకన్నా ఆ సరంగుకే ఎక్కువ. ఒకపూట కిరాయి కోసం అతని బతుకుతెరువు మీదకు తేవడం న్యాయం కాదు. పర్యాటక పడవలు నడిచే చోట, లైఫ్ జాకెట్లు ఇచ్చేవారితోనే వెళ్లండి. నదిలోనైనా ఇదే మాట. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో పర్యాటకుల పడవ మునిగి ఎందరు పోయారో మీకు గుర్తుండే ఉంటుంది. జాకెట్టు ఒంటి మీద, బకిల్ పెట్టి ఉండాలి. సీటు కింద ఉన్న జాకెట్టు ఎవరినీ కాపాడదు.

మరొకటి, ఏ పడవలోనైనా ఆటు వేళ మొగ దాటవద్దు. నదినీరు వడిగా బయటికి దూకుతుంటే సముద్రపు అల ఎదురొచ్చి తన్నుతుంది. ఇసుక మేట మీద ఆ రెండూ కలిసినచోట అల నిటారుగా లేచి విరుగుతుంది. గట్టు మీద నుంచి చూస్తే తెల్లటి నురుగే కనిపిస్తుంది, పడవలో ఉన్నవాడికి గోడ కనిపిస్తుంది. పుట్టిపెరిగిన జాలరులే అక్కడ నీరు తిరిగేదాకా ఆగుతారు.

సముద్రం ఎలా ఉండబోతుందో తెలుసుకోవడానికి మీరు కాకినాడ దాకా వెళ్లనక్కర్లేదు. మీ పక్కనే ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ (భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం) ఉంది. అలల ఎత్తు, గాలి, ఉప్పెన హెచ్చరికలు దేశమంతటి తీరానికీ అక్కడి నుంచే వెళ్తాయి. సునామీ హెచ్చరిక కేంద్రం కూడా అదే. చేపలు ఎక్కడ గుమిగూడే వీలుందో కూడా వాళ్లే చెబుతారు. ఉపగ్రహాల ద్వారా సముద్రం పైపొర వేడిమి, నీటిలో పచ్చదనం కొలిచి, ఆ రెండింటినీ బట్టి చోట్లు గుర్తించి తెలుగులో కూడా సూచనలు ఇస్తారు. సముద్రం లేని ఊళ్లో కూర్చుని సముద్రంలో చేప జాడ చెప్పడం నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది. ఇంకో వింత, పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద వెళ్తుంటే చేప ఆకారంలో ఒక భవనం కనిపిస్తుంది. అది జాతీయ మత్స్య అభివృద్ధి మండలి. అబ్బాయికి చూపించండి.

మీరు వెళ్లేది జనవరి కాబట్టి వేట నిషేధం అడ్డురాదు. అది మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మర పడవలకు. చేపలు గుడ్లు పెట్టే కాలం అని పెట్టారు. తుపానుల కాలం కూడా దాదాపు ముగిసి జనవరి నుంచి మార్చి దాకా సముద్రం నెమ్మదిగా ఉంటుంది.

నిజం చెప్పాలంటే, పడవ లేకుండానే ఒడ్డు నుంచి సముద్రంలో గాలం వేయవచ్చు. ఇసుక ఒడ్డున అలలు విరిగే తీరు చూడండి. అంతటా తెల్లగా విరుగుతూ ఒకచోట మాత్రం విరగకుండా నల్లగా కనిపిస్తే అక్కడ లోతైన గాడి ఉంది. చేప ఆ గాడి వెంట ఒడ్డుకు వస్తుంది. గాలానికి మంచి చోటు, స్నానానికి చావు చోటు. నీటిని వెనక్కి లాక్కుపోయే ప్రవాహం అక్కడే ఉంటుంది. ఎవరైనా చిక్కితే ఒడ్డుకు ఎదురీదకుండా తీరం వెంబడి పక్కకు ఈది బయటపడాలి. మోకాలు దాటి నీటిలోకి దిగవద్దు, కాళ్లు ఈడుస్తూ నడవండి. ఇసుకలో టేకు చేప పడుకుని ఉంటే అడుగు చప్పుడుకు తప్పుకుంటుంది, తొక్కితే తోక ముల్లుతో పొడుస్తుంది. జెల్ల ముళ్లు కూడా అంతే. గుచ్చుకుంటే ఆ చోటును ఓర్చుకోగలిగినంత వేడినీటిలో అరగంటకు పైగా ఉంచితే నొప్పి దిగుతుంది, తర్వాత డాక్టరుకు చూపించాలి. ఉబ్బి బంతిలా అయ్యే చేప పడితే గాలం తీసి వదిలేయండి, దానిలో విషం ఉంటుంది, ఏ కూరకూ పనికిరాదు.

లోపలి సముద్రపు పెద్ద చేపల మీద మోజు ఉంటే ఒక సంగతి గుర్తుంచుకోండి. 2022 ఫిబ్రవరిలో విశాఖ జిల్లా పరవాడ దగ్గరి తీరం నుంచి వేటకు వెళ్లిన మత్స్యకారుడు ఒకరు కొమ్ము కోనెం, అంటే మూతి పొడవాటి కొమ్ములా ఉండే పెద్ద చేప, పొడిచి చనిపోయారు. జీవితమంతా సముద్రం మీద గడిపినవారికే అలా జరిగింది.

కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవులు చూసి తీరాలి, గాలం మాత్రం కారులోనే వదిలేయండి. అది 1978 నుంచి అభయారణ్యం. చెక్కల బాట మీద నడుస్తూ, ఆటు వేళ బురద మీద ఎగిరే చేపలను చూడండి. అవును, చేపలే, రెక్కల మీద పాకుతూ చెట్ల వేళ్లు ఎక్కుతాయి. కాకినాడ ముందు అడ్డంగా ఉన్న హోప్ ఐలాండ్ వల్లే అక్కడి అఖాతం చెరువులా ఉంటుంది. జనవరి నుంచి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి మన ఇసుక ఒడ్డులకు వస్తాయి. రాత్రిపూట ఒడ్డున టార్చీలు వెలిగించి తిరగకండి, తెగిన తంగూసు ఒక్క మూర కూడా వదిలి రాకండి.

అనుమతుల గురించి ఒక్క మాట. మన తెలంగాణలో చెరువులు మత్స్యకార సహకార సంఘాల చేతిలో ఉన్నట్టే అక్కడా నీటికి ఎవరో ఒక హక్కుదారు ఉంటారు. గట్టున కనిపించిన పెద్దమనిషిని అడిగి కూర్చోండి. రొయ్యల చెరువుల గట్లు ఎక్కవద్దు, దొంగ అనుకుంటారు, అందులో వాళ్ల తప్పు లేదు. కట్టి ఉన్న వలల దరిదాపుల్లో విసరవద్దు. మీ గాలం చిక్కి చిరిగితే వాళ్లకు రెండు రోజుల పని.

పడిన చేపల్లో ఎన్ని ఉంచుకోవాలి? పండుగప్ప మొదట మగచేపగా పెరిగి, కొన్నేళ్లకు ఆడచేపగా మారుతుంది. అంటే బాగా పెద్దది పడితే అది గుడ్ల తల్లి. ఫొటో తీసుకుని వదలండి. రెండు కిలోల లోపుది ఒకటి చాలు మీ ముగ్గురికి. అక్కడికక్కడే పొట్ట శుభ్రం చేయించి, తలతో సహా చింతపండు పులుసు పెట్టించండి. హైదరాబాద్ తేవాలనుకుంటే పొలుసు తీసి, పొట్ట కడిగి, తుడిచి, సంచిలో కట్టి, థర్మోకోల్ పెట్టెలో కింద ఒక పొర, పైన ఒక పొర ఐసు వేసి టేపు చుట్టించాలి. కరిగిన నీటిలో చేప నానకూడదు. ఒకసారి నా పెట్టె మూత వదులై, రైల్లో అర్ధరాత్రి పై బెర్తు నుంచి కింద నిద్రపోతున్న పెద్దాయన మొహం మీద చుక్కలు పడ్డాయి. వరంగల్ దాకా క్షమాపణలు చెబుతూనే ఉన్నాను.

కోనసీమ కుదరకపోతే భీమిలి వెళ్లండి. గోస్తని అక్కడ సముద్రంలో కలుస్తుంది, ఊరు దగ్గర, నాన్నగారికి నడక తక్కువ. వంశధార కలిసే కళింగపట్నం, మహేంద్రతనయ కలిసే బారువ ఇంకా ప్రశాంతంగా ఉంటాయి కానీ మీ నాలుగు రోజులకు దూరం. కృష్ణ మొగ హంసలదీవి అందమైనదే, నాకు అక్కడ ఎప్పుడూ పెద్దగా కలిసిరాలేదు. బహుశా తప్పు వేళకే వెళ్తుంటానేమో.

టికెట్లు ఖాయమయ్యాక తేదీలు రాయండి. ఆ రోజుల తిథులు చూసి ఏ పూట కాలువకు, ఏ పూట మొగకు వెళ్లాలో చెబుతాను. అబ్బాయికి వెదురు కర్ర మాత్రం ఇక్కడి నుంచి మోసుకెళ్లకండి, రాజోలులో ఎవరి పెరట్లో అడిగినా ఇస్తారు.